బాబాయి పటాలకు చేతులు

ఉదయం తొమ్మిదిన్నర. సన్నని వాన, గాలి బొత్తిగా లేదు. అందువల్ల న్యాయమూర్తి గారి చిత్రపటం మీది రంగు ఇంకా ఆరలేదు. ఆరకపోవడం వల్ల పటం ఇంటికి చేరలేదు. చేరకపోవడం వల్ల ఆయన భార్య చూసుకోవడానికి స్వయంగా చిత్రశాలకు వచ్చింది.

"ముఖం మావారిదే. ఈ చేతులు ఎవరివండీ?"

పటం వేసిన బాబాయి నవ్వుతో దాటవేయబోయాడు. "చేతులు చేతులేనమ్మా."

"మావారు సూదిలో దారం కూడా ఎక్కించలేరు. ఇవి పని తెలిసిన చేతులు."

కిటికీ దగ్గర కుంచెలు కడుగుతున్న అమ్మాయికి చెవులు వేడెక్కాయి. ఆ చిత్రశాల పద్ధతి అది: ముఖం, సంతకం బాబాయివి, ఆయనకు కుదరని చేతులు అన్న కూతురైన ఈ అమ్మాయివి. ముఖం పూర్తికాగానే కూర్చున్నవారు లేచి వెళ్లిపోతారు. చూసి వేయడానికి చేతులు ఎదురుగా ఉండవు కనుక ఆమె తనకు కంఠస్థమైనవాటినే వేస్తూ వచ్చింది. అవి కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీసిన తన తల్లి చేతులని ఆ క్షణం వరకు తట్టలేదు. గోడవారగా ఆనించిన పటాలవైపు చూసింది. బ్యాంకు అధికారి, వైద్యుడు, వ్యాపారి, అందరి ఒళ్లోనూ అమ్మ చేతులే, కత్తెర పట్టి పట్టి బొటనవేలి మొదట్లో కాసిన కాయతో సహా.

ఆవిడ వెళ్లాక బాబాయి కుర్చీ లాక్కున్నాడు.

"కొంప ముంచావు కదే. ఫొటో తెప్పిస్తాను, చూసి మార్చెయ్. అన్నట్టు, వచ్చే నెల నుంచి ఇక్కడే పర్మనెంటుగా ఉంటావా? ఈసారైనా తేల్చు."

ఆ ప్రశ్నకు ఆమె ఏడాదిగా 'చూద్దాం' అంటూ వచ్చింది, తనకేం కావాలో తనకే తెలియక. ఇప్పుడు తెలిసింది. అమ్మ ముక్కూమొహం తెలియని ఆవిడ, ఆ చేతుల్ని చూసే పనిని పసిగట్టింది. అంటే ముఖం లేకుండానే మనిషిని చూపించవచ్చు.

"మారుస్తాను, ఫొటో చూసి కాదు. జడ్జిగారిని ఒక పూట కూర్చోమనండి."

"ఆయనకు తీరికెక్కడిది?"

"ముఖానికున్న తీరిక చేతులకెందుకుండదు? ఇకమీదట కూర్చుంటేనే వేస్తాను. పటం మీద నా సంతకం కూడా ఉండాలి. మధ్యాహ్నం నుంచి నా పని నాది. రెండేళ్లలో సొంత ప్రదర్శన పెడతాను. దర్జీలు, తాపీమేస్త్రీలు, వంటవాళ్లు. చేతులే, ముఖాలుండవు."

"ముఖం లేని పటం ఎవడు కొంటాడే?"

"అది అప్పుడు చూసుకుంటాను. ఏం వెయ్యాలో ఇప్పుడు తేలింది."

"నిన్నటిదాకా నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఇవాళ ఏకంగా శాసనాలా?"

"మీ అన్న కూతుర్నే బాబాయ్, మీ ఇంటి మొండితనం నాకూ ఉంది. కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది."

ఈ పిల్ల వెళ్లిపోతే ఇకపై ఊళ్లో పెద్దమనుషులందరినీ చేతులు జేబుల్లో పెట్టుకునే కూర్చోమనాలి. ఆ సంగతి బాబాయికి తెలుసు. గొణుక్కుంటూ ఫోను అందుకుని న్యాయమూర్తి గారి ఇంటికి చేశాడు.

రెండేళ్లనుకున్న ప్రదర్శనకు నాలుగేళ్లు పట్టింది. అందులో ముఖం ఒక్కటీ లేదు. సగానికి పైగా పటాలు మొదటి వారంలోనే అమ్ముడుపోయాయి.