నీళ్లు గడప దాకా వస్తే

సరస్సులో స్తంభాల మీద నిలబెట్టిన మా అన్నయ్య యోన్ ఇల్లు కనబడగానే నేను ఇంటి వంక చూడను, నిచ్చెన వంక చూస్తాను. దానికి ఇరవై ఎనిమిది మెట్లు. ఏటా పెద్దల పండుగ నాటికి తోన్లే సాప్ సరస్సు ఇరవై ఆరింటిని మింగేస్తుంది, పడవ వచ్చి గడపకు ఆనుకుంటుంది. ఈ ఏడు పండుగ దగ్గరపడ్డా, ఆ రోజు నేను వెళ్లేసరికి మునిగినవి ఆరు. పోయిన వారమూ ఆరే. ఎగువన ఎవరు ఆనకట్టలు కట్టుకున్నారో, ఎక్కడ వానలు ఎగ్గొట్టాయో, మాకు చెప్పేవాళ్లెవరు?

అన్నయ్య తుంటి విరిగి అప్పటికి నలభై రోజులు. కప్పు మీద రేకు సర్దుతూ జారి వసారాలో పడ్డాడు. త్వరగా తీసుకురమ్మని పట్నంలో డాక్టరు నాతో గట్టిగానే చెప్పాడు. మొదటి రోజే చెక్కకు కట్టి నిచ్చెన మీదుగా దింపబోయారు. మూడో మెట్టు దగ్గర అన్నయ్య పెట్టిన కేకకు మోసేవాళ్లు ఆగిపోయి, మళ్లీ పైకే చేర్చారు.

"నీళ్లు రానీండ్రా. గడప దాకా వస్తే చేపలా నేనే పడవలోకి దొర్లిపోతాను" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. బుద్ధిలేని నేనూ నవ్వాను. మా ఊళ్లో నీళ్లు రాకపోవడమేమిటి?

వదిన రువాన్ పై మెట్టు మీదే నిలబడి ఉంది.

"ఎన్నే ఫల్లీ?"

"ఆరే వదినా."

"అమావాస్య రానీ, ఎక్కుతాయి."

"పోయిన అమావాస్యకీ ఇదే మాటన్నావు."

నేను మెట్లెక్కాను. లోపల అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు కింద పుళ్లు పడ్డాయి. ఒళ్లు కాలిపోతోంది.

"ముక్కు మూసుకోకే. ఊరంతా ఊరేసిన చేపల కంపేగా, అందులో నాదీ కలిసిపోతుందిలే" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. దూలానికి వేలాడుతున్న కప్పీ కనబడింది. చేపలు ఊరవేయడానికి ఉప్పు బస్తాలను పడవలోంచి దానితోనే పైకి లాగుతాం.

"వదినా, ఈ తాడుతో అన్నయ్యను దింపేద్దాం. కింద నా పడవ ఉంది."

వదిన చేతిలోని గంజి గిన్నె ఠక్కున కింద పెట్టింది. "నోర్ముయ్యవే! బతికున్న మనిషిని తాడుకు కట్టి దింపుతారా?"

మా ఊళ్లో తాడుతో దిగేది శవమే. చచ్చినవాళ్ల కాలు నిచ్చెనకు తగిలితే మళ్లీ ఎక్కి వచ్చే దారి తెలుస్తుందని భయం. బతికున్నవాణ్ణి అలా దింపితే యముణ్ణి పిలిచినట్టేనంటారు.

"నన్ను ముందే పంపేస్తావుటే?" అన్నాడు అన్నయ్య. ఈసారి అతనూ నవ్వలేదు.

పట్నంలో పదిహేనేళ్లుగా చేపలమ్మి, నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్నాను. ఆ వేళ మాత్రం నోరు పెగల్లేదు. వాళ్లను మూఢులని తిట్టుకున్నాను గానీ, నాకూ భయమే వేసింది. రేపు ఏదైనా జరిగితే ఫల్లీయే చంపిందంటారు. గంజి తాగించి వచ్చేశాను.

మళ్లీ వారం వెళ్లేసరికి ఏడో మెట్టు మునిగింది. వదిన పైన నిలబడే ఉంది గానీ, ఎన్ని అని అడగలేదు. తెల్లవారుజామునే పోయాడట.

మధ్యాహ్నం తెల్లగుడ్డ చుట్టి, ఆ కప్పీకే తాడు బిగించారు. పైన నలుగురు పట్టుకున్నారు. కింద పడవలో నేను చేతులు చాచి నిలబడ్డాను. మనిషి ఊగలేదు, స్తంభానికి తగల్లేదు, తిన్నగా దిగివచ్చాడు. ఉప్పు బస్తాకన్నా తేలిగ్గా ఉన్నాడు. కుండలో బియ్యం ఉడికేంత సేపు కూడా పట్టలేదు.

పైనుంచి వదిన వంగి అరిచింది.

"మెల్లగానే ఫల్లీ! తుంటి జాగ్రత్త!"

జాగ్రత్తగానే పడుకోబెట్టాను.