మామగారి వీపు

బొమ్మల మాస్టారు నాకు ఆఖరి గడువు పెట్టారు. శనివారంలోగా ఎవరినైనా ఒక మనిషిని, వాళ్ళకి తెలియకుండా, రబ్బరు వాడకుండా గీసి తెస్తే పై క్లాసులో చేర్చుకుంటారట. లేకపోతే ఇంటికే. వంటిల్లు, పిల్లల చదువులు అంటూ ఇన్నేళ్ళు వాయిదా వేసి ఇప్పుడు పట్టుకున్న పెన్సిల్ ఇది. వదులుకోవడం నా వల్ల కాదు.

రైల్వే స్టేషన్‌కి ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. అప్పటికే మామగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. జీవితమంతా ఫొటో స్టూడియో నడిపిన మనిషి. "మనుషుల్ని చూడటం నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసమ్మా?" అన్నారు. కాదంటే అలుగుతారు.

వెయిటింగ్ హాల్లో ఒకావిడ సంచీ మీద తలపెట్టి కునుకు తీస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి! భుజం దాకా గీశానో లేదో, మామగారు వెళ్ళి ఆవిడ్ని తట్టి లేపారు.

"ఏమండీ, మా కోడలు మీ బొమ్మ గీస్తోంది. కాస్త నోరు మూసుకుని నిద్రపోండి."

ఆవిడ సంచీ తీసుకుని చక్కా పోయింది. తర్వాత పేపరు చదువుకుంటున్న లావుపాటాయన దొరికాడు. "గడ్డం కొంచెం పైకి. ఆ, అలాగే. ఊపిరి బిగపట్టండి," అన్నారు మామగారు. పాపం, ఆయన నిజంగానే బిగపట్టాడు.

"మామయ్యా, మీకు పుణ్యముంటుంది, కాసేపు ఆ చివర కూర్చోండి."

"వంకరగా కూర్చున్నవాళ్ళని అలాగే వదిలేస్తామా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఆ చివరకైతే వెళ్ళారు గానీ, అక్కడ రైలు కోసం చూస్తున్న ఒక కుటుంబాన్ని పొడుగువాళ్ళు వెనక, పొట్టివాళ్ళు ముందు అంటూ నిలబెట్టడం మొదలెట్టారు. విసుగెత్తి, చేసేదేం లేక, ఆయన్నే గీశాను. వెనక నుంచి. గూని తిరిగిన వీపు, ముందుకు పడిన మెడ, ఒంటి బరువంతా ఒక కాలి మీదే. పెన్సిల్ ఎక్కడా ఆగలేదు. నా చేతిలో మొదటిసారి ఒక మనిషికి ప్రాణం వచ్చింది.

ఇంటికొచ్చి చూపించాను. ఉబ్బితబ్బిబ్బయిపోతారనుకున్నాను.

"ఎవరీ ముసలాయన?" అన్నారు. అంతలోనే తన చొక్కా గుర్తుపట్టారు. బొమ్మని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూశారు. "వీపు కాస్త సరిచెయ్యమ్మా. ఒక్క గీతే కదా. నేను ఎంతమందికి చెయ్యలేదు?"

"కుదరదు మామయ్యా. దిద్దితే మాస్టారు తీసుకోరు. నా క్లాసు పోతుంది."

"సరేలే," అన్నారు.

శనివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి బొమ్మలో వీపు నిటారుగా ఉంది. ఫొటోల్లో మచ్చలూ మొటిమలూ దిద్దిన చెయ్యి కదా, పని శుభ్రంగా చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కడిగేద్దామని ఆయన గదిలోకి దూసుకెళ్ళాను. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి భుజాలు వెనక్కి లాగి చూసుకుంటున్నారు. ఎంత లాగినా వీపు మాట వినడం లేదు. నేను వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాను.

ఇంకో బొమ్మ గీసే టైము లేదు. అదే పట్టుకెళ్ళాను. మాస్టారు ఒక్క చూపు చూసి వెనక్కిచ్చేశారు.

"ఈ వీపు మీరు గీసింది కాదు. రెండు చేతులు పడ్డ బొమ్మ నాకొద్దు. పై క్లాసు సంగతి మర్చిపోండి."

దారి పొడుగునా ఏడుపు ఆపుకుంటూ, మామగారిని తిట్టుకుంటూ నడిచాను. ఇంటికెళ్ళగానే ఏమేం అనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు.

"ఏమన్నారమ్మా?"

"వీపు చాలా బాగుందన్నారు, మామయ్యా," అన్నాను.