విల్లువాడి బొత్తాం

జయరాములు మిషను ముందు చతికిలబడి, ఎడమ పక్క పలక మరలు విప్పి, బొత్తాం కింద ఇరికించిన తోలుచుట్టను స్క్రూడ్రైవరు మొనతో లాగుతున్నాడు. వేలూరు కోట వెనక సందులోని ఆ వీడియోగేమ్ కొట్టు తెరవడానికి ఇంకా గంట ఉంది. తోలు అంటుకుపోయి ఒక పట్టాన ఊడి రావడం లేదు. రాకపోతే బాగుండునని కూడా అతనికి అనిపిస్తున్నది.

నలభై ఆరేళ్ళ మనిషి. గుడియాత్తంలో తాతల నాటి నుంచీ ఇళ్ళు కట్టే కుటుంబం. పరంజా మీంచి పడి కాలు వంకరపోయాక తాపీ వదిలేసి ఇక్కడ చేరాడు. పొద్దున్నే మొదటి బస్సు, భార్య కుప్పమ్మ కట్టిచ్చిన సంగటి, ఆట మిషన్ల మీద ఊగిపోయిన జాయ్‌స్టిక్ పుల్లలు బిగించడం, సాయంత్రం బస్సు. ఐదేళ్ళుగా ఇదే వరస. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు, ఇక తెర మీద ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది. అయినా ఈ మిషనులోని ఆటలో ఏ వీరుడి బలం ఎంతో అతనికి తెలిసినంతగా ఆ ఆట చేసిన మహానుభావుడికి తెలియదు. తెలిస్తే అంత వంకరగా చేసి జనం మీదికి వదలడు గదా!

ఇద్దరు కలబడే ఆట. గదవాడు ఒక్క దెబ్బ వేస్తే అవతలివాడి ప్రాణంలో పావు వంతు పోతుంది. కాని గద ఎత్తడానికే వాడికి యుగం పడుతుంది. ఆలోగా విల్లువాడు మూడు బాణాలు వేస్తాడు, బాణం తగిలిందా, ఎత్తిన గద దిగిపోతుంది. వెనక్కి నడుస్తూ బొత్తాం నొక్కుతుంటే చాలు, గెలుపు విల్లువాడిదే. ఎవరు పెట్టారో గాని, ఆ కొట్టులో విల్లు తీసుకున్నవాడు ఎడమ పక్కే నిలబడాలని ఒక ఆచారం.

వాకిలి చట్రం ఒరిగితే కింద చెక్కముక్క దూర్చి సరిచేసిన చెయ్యి జయరాములుది. రెండేళ్ళ కిందట ఎడమ బొత్తాం కింద తోలుచుట్ట దూర్చాడు. నొక్కిన బొత్తాం పైకి లేవడం అరక్షణం ఆలస్యం. ఆ అరక్షణంలో గదవాడు రెండడుగులు ముందుకు వచ్చేవాడు. పోరు సమానమైంది. యజమాని బాలచంద్రన్‌కు కూడా ఈ సంగతి తెలియదు.

ఆ తోలు ఇచ్చింది రామసామి. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలో తోలు అట్టలు కోసే పని. ఊగే స్టూలు కింద పెట్టుకోమని ఇచ్చాడు పాపం. వారమంతా మేస్త్రీ చేత తిట్లు తిని, ఆదివారం ఇక్కడికి వచ్చి గద పట్టుకుని గెలిచి, నెత్తి మీద బరువు దించుకున్నవాడిలా పోతాడు.

ఈ ఆదివారం యజమాని పోటీ పెట్టాడు. గెలిచినవాడికి చేతి గడియారం. బహుమానం ఉన్నచోట తోలుముక్క ఉంటే అది దొంగతనమే అవుతుందని జయరాములు రాత్రంతా తర్కించుకున్నాడు. చివరికి తోలు ఊడి వచ్చింది. చొక్కా జేబులో వేసుకుని మరలు బిగించాడు.

పదకొండింటికి రామసామి వచ్చాడు. వెంట భార్య మీనా. తన మగడి ఆట చూడటానికి ఆమె రావడం ఇదే మొదటిసారి, తలలో కనకాంబరాలు కూడా పెట్టుకుంది. జయరాములు జేబులోని తోలును తడుముకున్నాడు. ఇప్పుడు చెప్పాలా? చెబితే ఏమని? ఆలోగా పోటీ మొదలైంది.

ఎదురు నిలిచినవాడు కాలేజీ కుర్రవాడు సురేంద్రన్, విల్లువాడు. మొదటి ఆట నిమిషంలో ముగిసింది. రెండోది అంతకంటే ముందే. గద దెబ్బ ఒక్కటి కూడా పడలేదు. రామసామి తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. మిగతావాళ్ళనూ ఓడించి సురేంద్రన్ గడియారం పెట్టుకునే సందడిలో ఉండగా, రామసామి మిషనులో వేసే బిళ్ళ ఒకటి కొని తెర కింది అంచు మీద పెట్టాడు. అక్కడ బిళ్ళ పెడితే తరవాతి ఆట ఆ మనిషిదే, వేరెవరూ ముట్టరు.

“ఇంకొక ఆట చూడు మీనా. ఈ పొద్దు చెయ్యి తిరగలా, అంతే” అన్నాడు.

మళ్ళీ ఓడతాడు. ఆమె ముందరే ఓడతాడు. జయరాములు ఇక ఉండబట్టలేకపోయాడు. అతన్ని పక్కకు పిలిచి, జేబులోంచి తోలుముక్క తీసి చూపించాడు.

“నీ చేతిలో తప్పు లేదు నాయనా. రెండేండ్లుగా ఆ పక్క బొత్తాం కింద ఇది పెట్టినాను. ఈ పొద్దు తీసేసినాను.”

రామసామి ఆ ముక్కను చూశాడు. తాను కోసిన అంచు అతనికి తెలియకుండా ఉంటుందా?

“అట్లయితే ఒక్క ఆటన్నా నేను గెలవలేదా మామా?”

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో జయరాములుకు ఆ క్షణాన తెలిసింది. గెలిచినావప్పా అందామనుకున్నాడు. కాని తోలు సాయం లేకుండా గెలిచింది ఏ ఆటో అతనికే తెలియదు.

మీనా దగ్గరికి వచ్చి, ఏమైందని అడగకుండానే మగడి మోచెయ్యి పట్టుకుంది. “పోదాం రాయ్యా. బస్సుకు టైమైతా ఉండాది” అంది. ఇద్దరూ సందు దాటి ఆంబూరు బస్సుల వైపు తిరిగారు. రామసామి వెనక్కి చూడలేదు. వచ్చే ఆదివారమూ రాడని జయరాములుకు తెలుసు.

తరవాత ఎవరని సురేంద్రన్ రెండుసార్లు అడిగాడు. వరసలో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గాని ముందుకు రాలేదు. తెర కింద, కుడి పక్క, రామసామి పెట్టిన చోటే బిళ్ళ ఉంది.