చెప్పకూడని పసరు

మునిప్రసాద్ రేణిగుంట గోడౌన్లలో సిమెంటు మూటలు దించే మనిషి. జ్వరమొస్తే మాత్ర వేసుకుంటాడు, దెబ్బ తగిలితే కుట్లు వేయించుకుంటాడు. కళ్లు పచ్చబడేసరికి మాత్రం తల్లి దేవకమ్మ అతన్ని ఊళ్లో దొరస్వామి దగ్గరికి నడిపించింది. కామెర్లకు ఆసుపత్రిలో మందే లేదని ఆ చుట్టుపక్కల చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు.

దొరస్వామి ఆకు నూరి, మేకపాలలో కలిపి, పరగడుపున తాగిస్తాడు. పైసా తీసుకోడు. ఆయన పెట్టే ఒట్టు ఒకటే.

"పసరు తాగినట్టు బయట ఎవురికీ చెప్పగూడదు. చెప్తే దాని గుణం పోతాది. కామెర్లు ఎదురు తిరుగుతాయి."

మందుకు ఇంతకంటే గట్టి కాపలా ఎవరు పెట్టగలరు? బాగుపడినవాడు చెప్పడు, పోయినవాడు చెప్పలేడు. ఆయన వాకిలి మాత్రం అందరికీ తెలుసు.

పసరు తాగినా మునిప్రసాద్ ఒంటి పచ్చదనం తగ్గలేదు. కుడి డొక్కలో నొప్పికి మెలికలు తిరిగిపోతుంటే భార్య మునిలక్ష్మి అత్త మాట కాదని తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చింది. స్కానింగు తీసి, పిత్తాశయంలోని రాయి జారి పైత్యం పోయే దారికి అడ్డం పడిందన్నారు. ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోతుందన్నారు. మునిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది.

దేవకమ్మకు ఆ మాటల మీద నమ్మకం కుదరలేదు. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం ఫ్లాస్కులో పసరు పట్టుకొచ్చింది.

"రాయిని గూడా కరిగిస్తాదంట నాయనా. ఈ తూరి చిక్కగా ఇచ్చినాడు, తాగు."

తల్లి చేతిది కాదనలేక అతను కళ్లు మూసుకుని మింగాడు. నర్సు రాకుండా మునిలక్ష్మి తలుపు దగ్గర కాపలా కాసింది. అత్తను ఆపే ధైర్యం ఆమెకు లేదు. ఒకవేళ పసరే పనిచేస్తుందేమోనన్న ఆశ కూడా ఉంది.

సాయంత్రం మత్తు డాక్టరు నందిని వచ్చింది. మంచం పక్కన నిలబడి నెమ్మదిగా అడిగింది.

"పొద్దున తీసిన రక్తపరీక్ష చూశాను. రేపు నేనిచ్చే మత్తును కరిగించి బయటికి పంపాల్సింది లివరే. అందుకని దాచకుండా చెప్పండి. సారా, నాటు మందులు, పసర్లు ఏమైనా తీసుకున్నారా?"

దేవకమ్మ కోడలి వైపు గుడ్లురిమింది.

"ఏం లేదు మేడం," అన్నాడు మునిప్రసాద్.

మునిలక్ష్మి ఉండబట్టలేకపోయింది. డాక్టరు వెనకే వరండాలోకి పరుగెత్తింది.

"మేడం!"

నందిని ఆగింది. "ఏమ్మా?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నిజంగానే కామెర్లు ఎదురు తిరిగితే?

"ఆయనకు నొప్పి తెలీదు గదా?" అంది.

"అస్సలు తెలియదమ్మా. భయపడకు."

మరునాడు ఆపరేషన్ అయింది. రాయి వచ్చేసిందన్నారు. దేవకమ్మ కొండ వైపు తిరిగి దండం పెట్టింది. కానీ మునిప్రసాద్‌కు మెలకువ రాలేదు. అతని తర్వాత ఆపరేషన్ అయినవాళ్లు లేచి నీళ్లడుగుతున్నారు. అతను మాత్రం పిలిచినా పలకలేదు, గిల్లినా కదల్లేదు. కుట్ల దగ్గర రక్తం ఆగడం లేదు.

నందిని బయటికొచ్చి బెంచీ మీద మునిలక్ష్మి పక్కన కూర్చుంది.

"మత్తు ఎప్పుడో దిగిపోవాలి. నిన్న పొద్దున పరవాలేదనిపించిన లివరు ఇవాళ చేతులెత్తేసింది. మధ్యలో ఏం తాగాడు? తెలిస్తే నా ప్రయత్నం నేను చేస్తాను."

దేవకమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "చెప్పొద్దే లక్ష్మీ. పసరు లోపల పనిచేస్తా ఉంటాది. నీ నోటితో నా బిడ్డను సంపొద్దు."

మునిలక్ష్మి చెయ్యి విడిపించుకుంది.

"పసరు తాగించినాం మేడం. నిన్న మద్దేనం. అంతకు ముందు గూడా."

చెబుతుంటే మొగుడి గొంతు తానే నులుముతున్నట్టు అనిపించింది.

నందిని ఒక్క మాట కూడా తిట్టకుండా లోపలికి పరుగెత్తింది. సూదులు వెళ్లాయి, రక్తం వెళ్లింది, పెద్ద డాక్టర్లు వెళ్లారు. పొద్దు వాలకముందే మునిప్రసాద్ పోయాడు.

"చెప్పి సంపితివి గదే!" దేవకమ్మ గుండెలు బాదుకుంది.

"నిన్న వరండాలో చెప్పుంటే ఆపరేషన్ ఆపేదాన్నమ్మా," అంది నందిని, కళ్లు తుడుచుకుంటూ.

మునిలక్ష్మికి ఏడుపు కూడా రాలేదు. ఎవరి మాట నమ్మినా చంపింది తానే.

వ్యానులో శవం దగ్గర దేవకమ్మ ఆమెను కూర్చోనివ్వలేదు. మునిలక్ష్మి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. రేణిగుంట రోడ్డెక్కాక అతను అడిగాడు.

"ఏమైందక్కా అన్నకు?"

"కామెర్లు."

"అయ్యో! మీ ఊర్లోనే పసరిచ్చే ఆయప్ప ఉండాడంట గదా. మా తమ్మునికీ కండ్లు పచ్చబడినాయి, ఆదివారం పిల్సకపోదామని ఉండాను. మీరు తాగించలేదా?"

మునిలక్ష్మి అతని వైపు తిరిగింది. ఆ తమ్ముడైనా బతకాలనిపించింది.

"తాగించినామప్పా. అది తాగే పోయినాడు. మీ తమ్మునికి వద్దు, ఆసుపత్రికి పిల్సకపో."

డ్రైవరు బండి వేగం తగ్గించాడు.

"తాగినట్టు ఎవురికన్నా చెప్పినారా?"

"డాక్టరమ్మకు చెప్పినా."

"అదే గదక్కా మరి," అన్నాడు జాలిగా. "మేం చెప్పంలే."