స్కూలు పక్కన హాస్పిటల్

బస్టాండులో పదహారేళ్లుగా ఊడుస్తున్న మనిషికి ఊళ్లో ఏది ఎక్కడుందో తెలియదంటే ఎవరు నమ్ముతారు? తెలుసు, అన్నీ తెలుసు. ఏ సందులో ఏ డాక్టరు కూర్చుంటాడో, ఏ బ్యాంకు మెట్లు ఎత్తుగా ఉంటాయో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. బస్సు దిగినవాళ్లు విచారణ కిటికీ దాకా వెళ్లకుండా ఈమెనే అడిగేవాళ్లు. చీపురు ఎత్తి అటో ఇటో చూపించేది, పనైపోయేది. ఇంగ్లీషులో చెప్పమనేసరికే వచ్చింది చిక్కంతా.

కిటికీలో కూర్చునే పెద్దాయన రిటైరయ్యాడు. ఊరి బయట ఫ్యాక్టరీలు లేచాక ఎక్కడెక్కడివాళ్లో దిగుతున్నారు, వాళ్లకి మన మాట రాదు. అందుకని డిపో మేనేజరు నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. సిబ్బందిలో ఎవరైనా సరే, ఊళ్లో పది చోట్లు ఎక్కడున్నాయో ఇంగ్లీషులో చెప్పగలిగితే ఆ కుర్చీ వాళ్లదే. లేదంటే బయటినుంచి మనిషిని తెచ్చుకుంటారు.

కుర్చీ అనగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి మరి. డాక్టరు వంగొద్దన్నాడు. వంగకుండా ఊడవడం ఎలాగో ఆయనే వచ్చి చూపించి పోవచ్చుగా! ఇంకో ఏడాది ఇలాగే లాగితే ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చోవడమే. భర్త పాలవ్యాను తోలి తెచ్చేది ఇంటికే బొటాబొటీ.

ఇంట్లో ఇంగ్లీషుకి కొదవలేదు. అత్తగారు ముప్పై రెండేళ్లు స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఊరంతటికీ పెద్ద టీచరు. ఆరేళ్ల కిందట తుంటి విరిగి మంచాన పడింది. గొంతు మాత్రం ఎక్కడా విరగలేదు.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే నీకు" అంది విషయం విని. "నోటుబుక్కు తెచ్చుకో. నా వెనక దిండు పెట్టు. ముందు నిటారుగా కూర్చో, వంకర నడుముతో ఇంగ్లీషు రాదు."

ఇక మొదలైంది కోడలికి. సాయంత్రం డ్యూటీ దిగి వస్తే పాఠం. కూరలు తరుగుతుంటే పాఠం. గిన్నెలు తోముతుంటే మంచం మీదినుంచి కేక: "బ్యాంకు ఎక్కడ?"

"ది బ్యాంక్ ఈజ్ ఆపోజిట్ ది స్కూల్!"

"హాస్పిటలు?"

"నెక్స్ట్ టు ది స్కూల్!"

"సగం మాట చెప్తే సగం మార్కే. మొత్తం చెప్పు."

పోస్టాఫీసు స్కూలు వెనక. లైబ్రరీకి స్కూలు దాటాక ఎడమ పక్కకి తిరగాలి. మనిల్లు ఎక్కడంటే స్కూలు దగ్గర్నించి నేరుగా వెళ్లి రెండో సందు. పదికి పది స్కూలుకే వేలాడుతున్నాయి. ముప్పై రెండేళ్లు ఆవిడ కాళ్లు నడిచిందే అక్కడికి, ఊరు ఇంకెక్కడినుంచి మొదలవుతుంది పాపం!

అంతా బాగానే ఉంది, ఆ స్కూలే లేదు.

కూలగొట్టి అయిదేళ్లయింది. అక్కడిప్పుడు మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు ఉంది. పెద్ద టీచరు అప్పటికింకా పక్క మీద సరిగ్గా కూర్చోలేకపోయేది. "అమ్మకి ఇప్పుడు చెప్తే తట్టుకోలేదు, కాస్త కోలుకోనీ" అన్నాడు కొడుకు. ఆ కాస్త అయిదేళ్లు సాగింది. రెండు వీధుల అవతల ధడేల్ ధడేల్‌మని గోడలు పడుతుంటే రోడ్డు వెడల్పు చేస్తున్నారని చెప్పారు. పాత విద్యార్థులు చూడ్డానికొస్తే గుమ్మంలోనే ఆపి స్కూలు మాట ఎత్తొద్దని చెవిలో ఊదారు. స్కూలుకి రంగులేశారనీ, పిల్లలు పెరిగారనీ కోడలే నోటికొచ్చింది చెప్పుకొచ్చింది. ఒక అబద్ధం ఆడాక ఇంకో నాలుగు ఆడటం ఎంతసేపు?

పాఠం మొదలైన రోజే చెప్పాల్సింది. చెప్పలేకపోయింది. అత్తగారు ఆరేళ్ల తర్వాత మళ్లీ జుట్టు దువ్వుకుని, కళ్లజోడు తుడుచుకుని పాఠానికి కూర్చుంది. ఆ మొహం చూసి ఏ నోటితో చెప్తుంది? మేనేజరు ముందు స్కూలు అన్నచోటల్లా కాంప్లెక్సు అనేస్తే సరిపోతుందిలే అనుకుంది.

సోమవారం మేనేజరు గదిలో నిలబడితే అర్థమైంది సరిపోదని. వాక్యాలన్నీ బట్టీలో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. హాస్పిటల్ ఎక్కడమ్మా అని ఆయన ఇంగ్లీషులో అడగ్గానే నోరు దానంతటదే స్కూలు పక్కన అనేసింది. బ్యాంకు? స్కూలు ఎదురుగా. నాలుక కరుచుకుంది, మార్చబోయింది, ఉన్న ఇంగ్లీషు కాస్తా ఆవిరైపోయింది.

ఆ మేనేజరు ఊరికొచ్చి నాలుగు నెలలే. కళ్లద్దాలు తీసి చూశాడు. "ఏ స్కూలమ్మా? నేను రోజూ ఆ దారినే వస్తాను. నాకెక్కడా కనపళ్లేదే? కొత్తవాడొచ్చి నిన్నడిగితే లేని స్కూలు వెతుక్కుంటూ తిరగాలా?"

మనిషి మంచివాడు, వచ్చే సోమవారం ఇంకొక్కసారి రమ్మన్నాడు. అదే ఆఖరు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మం వైపే చూస్తోంది. "పదికి ఎన్ని?"

కోడలు చెప్పుల్లోనే నిలబడిపోయింది. ఇంకో అబద్ధం నాలిక చివర సిద్ధంగానే ఉంది గానీ అది ఆడితే కుర్చీ పోతుంది, మోకాళ్లు పోతాయి. పైగా అబద్ధాలాడి ఆడి ఆమెకే విసుగొచ్చేసింది. మంచం అంచున కూర్చుని అంతా చెప్పేసింది. గోడలు, రంగులు, పిల్లలు, అంతా.

అత్తగారు ఏడుస్తుందని భయపడింది. ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు కొడుకు బతిమాలినా పలకలేదు. రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటన్నది లేదు. కోడలికి ఆ రెండు రోజులూ ముద్ద దిగలేదు. ఎందుకొచ్చిన కుర్చీ, పోతే పోనీ అని కూడా అనుకుంది.

మూడోనాడు ఆవిడే పిలిచింది. "ఏమే, ఇలా రా."

వెళ్లింది.

"అప్పుడే చెప్పుంటే ఏడ్చేదాన్ని. రెండు రోజులు ఓదార్చేవాళ్లు, అయిపోయేది. ముప్పై రెండేళ్లలో ఏ పిల్లకీ తప్పు చెప్పలేదు నేను. ఈ వయసులో, సొంత కోడలికి, పదికి పది తప్పులు నేర్పించారు కదే నాచేత!"

"తప్పు నాదే అత్తయ్యా."

"నీదీ, వాడిదీ. వాడి సంగతి తర్వాత చెప్తా. ఇప్పుడు నన్ను తీసుకెళ్లు. నా కళ్లతో చూడకుండా ఇంకో ముక్క చెప్పను."

బస్టాండులో నడవలేని ప్రయాణికుల కోసం ఒక చక్రాల కుర్చీ ఉంది. మేనేజర్ని అడిగి ఆదివారం పొద్దున్నే దాన్ని ఇంటికి తెచ్చింది. కొడుకు తల్లిని ఎత్తి కూర్చోబెట్టి, తోయడానికి చెయ్యి వేశాడు. "నువ్వుండు" అంది ఆవిడ. "ఇది క్లాసు." కొడుకు నోరు మూసుకుని గుమ్మంలోనే ఉండిపోయాడు.

ఆరేళ్ల తర్వాత వీధిలోకొచ్చిన మనిషి గాలి పీల్చుకోవడానికైనా ఆగలేదు. ప్రతి చోటా కుర్చీ ఆపించింది. మందుల షాపు కొత్తది, రాసుకో. ఈ రేషను షాపు అటు మారిందా, చెప్పు. కోడలు కుర్చీ తోస్తూ, చెమట తుడుచుకుంటూ ఒక్కొక్కటీ చెప్పింది. తప్పయితే అక్కడే మళ్లీ. కళ్లెదుట ఉన్నదాన్ని చూసి చెప్తుంటే చిత్రంగా మాటలు వాటంతటవే కుదురుతున్నాయి. బట్టీ లేదు, బెదురూ లేదు.

మలుపు తిరిగాక ఆ అద్దాల బిల్డింగు వచ్చింది. కోడలి చేతులు ఆగిపోయాయి. అత్తగారు తలెత్తి మూడంతస్తులూ చూసింది, మెట్ల మీద ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూసింది. చాలాసేపు చూసింది. కోడలు వెనక్కి తిప్పేద్దామా అనుకుంటుండగా ఆవిడ అంది, "హాస్పిటలు ఎక్కడ?"

"ది హాస్పిటల్ ఈజ్... నెక్స్ట్ టు ది షాపింగ్ కాంప్లెక్స్."

"వినపళ్లేదు."

"అత్తయ్యా, పోదాం పదండి..."

"చివరి బెంచీకి వినపడాలి. చెప్పు."

నడిరోడ్డు మీద ఆమె గొంతెత్తి చెప్పింది. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయింది గానీ మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్పింది. బ్యాంకు, పోస్టాఫీసు, లైబ్రరీ, అన్నీ అక్కడే నిలబడి చెప్పించింది ఆవిడ. ఒక్కసారి కూడా కళ్లు తుడుచుకోలేదు.

సోమవారం మేనేజరు తొమ్మిది అడిగాడు, తొమ్మిదీ గడగడా చెప్పింది. పదోది ఆయన నవ్వుతూ అడిగాడు, మీ ఇల్లెక్కడమ్మా అని. అదీ చెప్పింది. ఆయన కాగితం మీద సంతకం చేసి, రేపటినుంచి కిటికీలో కూర్చోమన్నాడు.

ఇంటికి పరిగెత్తినంత పని చేసింది, మోకాళ్లు మర్చిపోయి. అత్తగారు మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"పదికి పది అత్తయ్యా!"

"ఊరికే అంటే సరిపోతుందా? ఒప్పజెప్పు."

నిలబడి ఒప్పజెప్పింది. ప్రతిదానికీ అత్తగారు తలూపింది. చివరిది మిగిలింది.

"మనిల్లు?"

"ఫ్రమ్ ది షాపింగ్ కాంప్లెక్స్, గో స్ట్రెయిట్. సెకండ్ స్ట్రీట్ ఆన్ ది లెఫ్ట్."

"కరెక్ట్" అంది పెద్ద టీచరు. అని, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పైట నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.