స్నానాల ఇల్లూ, చాపంత మబ్బూ

ఇది చిన్న కథ. చుట్ట ముట్టించినవాడు ఆర్పేలోగా అయిపోతుంది. మార్షల్ దీవుల్లోని జబోర్ ఊళ్లో కబీరా అనే ఒకినావా మనిషి వేడినీళ్ల స్నానాల ఇల్లు నడిపేవాడు. నీళ్లు అయిపోయాయి. తర్వాత వచ్చాయి. అంతే.

కాకపోతే జబోర్ సంగతి తెలియనివాళ్లకు నీళ్ల సంగతి ఎక్కదు కాబట్టి ముందు ముక్కుల గురించి చెప్పాలి. ఆ దీవుల్ని జపాను ఏలే రోజుల్లో ఊళ్లో మూడు వరసల ముక్కులుండేవి. జపాను పెద్ద దీవుల నుంచి వచ్చిన ఉద్యోగులు, షావుకార్లు, జపానుకే దక్షిణపు కొసనున్న చిన్న దీవి ఒకినావా వాళ్లను చూసి ముక్కు మూసుకునేవారు. ఒకినావా వాళ్లు ఆ ఊళ్లోనే పుట్టిన మార్షల్ వాళ్లను చూసి మూసుకునేవారు. మార్షల్ వాళ్లకు కింద ఎవరూ మిగలలేదు గనక పై ఇద్దర్నీ చూసి నవ్వుకునేవారు. కూలి కూడా ముక్కుల వరసలోనే నడిచేది. రేవులో ఒకే మూట మోస్తే పెద్ద దీవుల వాడికి మొదటి కూలి, ఒకినావా వాడికి రెండో కూలి, ఊరివాడికి మూడో కూలి. మూటకు ఆ సంగతి తెలియక అందరి వీపు మీదా ఒకే బరువు తూగేది.

కబీరా పొద్దున్నే లేచి తొట్టిలోని పీతల్ని చీపురుతో వెళ్లగొట్టి, కొబ్బరి డొప్పలు పొయ్యిలో ఎగదోసి, స్నానాలు మొదలయ్యాయనడానికి గుర్తుగా గుమ్మానికి నీలం గుడ్డ కట్టేవాడు. సొంత ఊళ్లో తండ్రి ఇచ్చిన చెరుకు చేను అమ్మేసి ఈ ఇంటికి రేకులు కొన్నాడు, సిమెంటు తొట్టి కట్టించాడు. రేకు మీద పడ్డ వాన చూరు దోనెలోంచి తొట్టిలోకి దిగుతుంది. జపాను మనిషి వేడినీళ్లు లేకుండా బతకలేడని, కాబట్టి తను బతికిపోతానని అతని లెక్క. ఊరివాళ్లను లోపలికి రానిచ్చేవాడు కాదు. వాళ్లూ అడిగేవారు కాదు. "ఉడకడానికి మేమేమన్నా పీతలమా?" అనేవారు.

అతనికి డొప్పలు అమ్మే మనిషి లిజీమన్. యాభై దాటిన మార్షల్ ఆడమనిషి, నోరు మంచిది కాదు. ఆమె నెత్తిన, కొబ్బరిచెట్టంత ఎత్తులో, పడుకునే చాపంత మబ్బు ఉండేది. వాళ్ల అమ్మ నుంచి వచ్చింది. అమ్మకు వాళ్లమ్మ నుంచి. అక్కడ నేలైనా, చెట్టైనా తల్లి వైపు నుంచే వస్తాయి, మబ్బూ అంతే. లిజీమన్‌కు కోపం వస్తే అది కురిసేది. చర్చిలో ఆమెను గుమ్మం బయట కూర్చోబెట్టేవారు. పాస్టరు ప్రసంగం బాగాలేని ఆదివారాలు ముందు వరసలు తడుస్తున్నాయని.

ఆ యేడు వానలు ఎగ్గొట్టాయి. సీమపనస పిందెలు రాలిపోయాయి. కబీరా తొట్టిలో అడుగున ఆకుపచ్చ బురద మిగిలింది. స్నానాలు ఆగిపోయేసరికి సర్కారు ఆఫీసు పెద్ద సుగెనుమ దొర కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"కొత్త సంవత్సరం స్నానం ఉండాలి" అన్నాడు.

"నీళ్లు లేవు దొరా."

"నీళ్లు లేవని నేను అడిగానా? స్నానం ఉండాలన్నాను. చేతకాకపోతే చెప్పు, ఈ ఇల్లు ఇంకొకరికి ఇస్తాం. నీకు ఫాస్ఫేటు తవ్వే దీవిలో పని ఉంది."

ఫాస్ఫేటు దీవికి వెళ్లినవాళ్లు దగ్గుతూ తిరిగొచ్చేవారు, అదీ తిరిగొస్తే. కబీరా నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు. దొర పోయాక కూడా కాసేపు వంగే ఉన్నాడు, లేచి చేసే పనేమీ లేక.

మర్నాడు లిజీమన్ డొప్పలు తెచ్చింది. అవసరం లేకపోయినా కబీరా కొలిచాడు, అలవాటు కొద్దీ.

"ఇదేం గంప నాయనా? ఏటికేడు పెరుగుతోంది" అంది.

"గంప పెరగలేదు. నీ డొప్పలు బక్కచిక్కాయి."

"మీ ఊరి జాలరి తెచ్చినప్పుడు చిన్న గంపతో కొలిచావు. చూశాను."

"వాడు జపాను మనిషి. నీకూ వాడికీ ఒకటే గంపంటే ఎలా?"

లిజీమన్ ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు. మబ్బు నల్లబడి రేకుల మీద కురిసింది. కబీరా ఆ తిట్లేవీ వినలేదు. దోనెలో నీళ్ల చప్పుడు వింటున్నాడు.

మర్నాడు ఆమెను పిలిచి మరీ తిట్టాడు. ఆ మర్నాడు కూడా పిలిస్తే ఆమె తడి జుట్టు పిండుకుంటూ చూరు కింద చతికిలబడింది.

"నా కోపంతో నీ తొట్టి నింపుకుంటున్నావు. ఊరికేనా?"

కబీరా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏం కావాలి?"

"బియ్యం. నా కూతురు నెయ్‌బో పాలిచ్చే మనిషి, ఇంట్లో తిండి లేదు. రోజూ వస్తాను, తిట్టు. పోయేటప్పుడు గంపెడు బియ్యం కొలిచివ్వు."

"గంపెడా!"

"ఆ గంపతోనే. అది సరైన గంపే అన్నావుగా."

బేరం కుదిరింది. కాని ఉత్తుత్తి తిట్లకు తుంపర తప్ప రాలేదు. ముసలి పీత అన్నాడు, చేపల కంపు అన్నాడు. మబ్బు తుమ్మినట్టు నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. తిట్టులో నిజం ఉంటేనే కురుస్తుందని కబీరాకు నాలుగో పూటకు అర్థమైంది. నిజాలకేం కరువు లేదు. మీకేముంది, మాకేముంది అని పోల్చి చెప్పడం మొదలుపెట్టాడు.

"మీ పిల్లలకు బడి ఎన్నేళ్లే?"

"మూడేళ్లు."

"మావాళ్లకు ఆరు. మూడేళ్లలో మీకు ఏం నేర్పుతారు?"

"మీకు వంగి దణ్ణం పెట్టడం" అంది లిజీమన్. మబ్బు కదిలింది. "మిగతా మూడేళ్లూ మీవాళ్లకు ఏం నేర్పుతారో?"

"ఆ దణ్ణం అందుకోవడం."

ఆ పూట దోనె పొంగింది.

ఈ సంగతి తెలిసి ఊరివాళ్లు ముంతలు, కొబ్బరి చిప్పలు పట్టుకుని కంచె దగ్గర చేరేవారు, దోనె పక్కనుంచి కారేది పట్టుకుందామని. కబీరా వాళ్లనూ తిట్టేవాడు, కాని వాళ్ల నెత్తిన మబ్బుల్లేవు గనక అది దండగ. "ఈవేళ ఏం పోలుస్తావు కబీరా? మొన్న చెప్పిన చక్కెర సంగతే అయితే ఇళ్లకు పోతాం, పనుంది" అనేవాళ్లు. ఒకినావా జాలర్లు కూడా వచ్చి తమవైపు నుంచి మాటలు అందించేవారు. కిరసనాయిలు దీపాలు, ఆసుపత్రిలో మంచాలు, షావుకారు అరువు ఎవరికిస్తాడు, ఎవరికివ్వడు. అన్నీ అయ్యాయి. కూలి వరసల గురించి చెప్పిన రోజైతే కంచె దగ్గర ఇద్దరు ముగ్గురు కొట్టుకున్నారు కూడా. తొట్టి సగం దాకా వచ్చింది.

కొత్త సంవత్సరం దగ్గర పడింది. సగం తొట్టితో ఉద్యోగుల మోకాళ్లు కూడా తడవవు. కబీరా పొయ్యి దగ్గర కూర్చుని కొత్త పోలికలు వెతుక్కున్నాడు.

"మీ ఇంటికి రేకులు లేవు" అన్నాడు.

"లేవు" అంది లిజీమన్.

"మీరు ఏళ్ల తరబడి కొబ్బరి కొట్టినా షావుకారు పద్దు తీరదు."

"తీరదు. నిరుడూ తీరలేదు." ఆవులించింది. మబ్బు పల్చబడి ఏకిన దూదిలా అయింది. కంచె దగ్గరివాళ్లు ముంతలు బోర్లించుకుని లేచారు.

కబీరా వచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు. "కోపం తెచ్చుకోవే! నీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను ఫాస్ఫేటు దీవికి పంపుతారు."

"విన్నదే వింటే కోపమెలా వస్తుంది? నీ దగ్గర సరుకు అయిపోయింది." లిజీమన్ గంప వైపు చూసింది. "ఊరికే కూర్చుని బియ్యం తీసుకోవడం మా ఇంటావంటా లేదు. ఈవేళ నేను పోలుస్తాను. నువ్వు జవాబు చెప్పు. ఇక్కడ మొదట స్నానం చేసేదెవరు?"

"ఆఫీసు దొరలు."

"తర్వాత?"

"షావుకార్లు. తర్వాత గుమాస్తాలు. తర్వాత మా జాలర్లు."

"తర్వాత?"

కబీరా చీపురు పుల్ల ఒకటి విరిచాడు.

"తొట్టి నీది. పొయ్యి ఊదేది నువ్వు. చేను అమ్ముకున్నదీ నువ్వే. వాళ్లందరి మురికీ దిగి నీళ్లు పులుసయ్యాక, చల్లారాక, అప్పుడు నువ్వు దిగుతావు. మా పంది కూడా తాజా నీళ్లే తాగుతుంది నాయనా."

"అది వరస" అన్నాడు కబీరా. "ఎవరి వరస వాళ్లది."

"నీ పెళ్లాంతో మాట్లాడే భాష సుగెనుమ దొర ముందు మాట్లాడతావా?"

"అది... ఇంటి మాట."

"దొర ఇంటి మాట మాత్రం వీధంతా మాట్లాడతాడు. నీకూ నాకూ మధ్య ఒక్క మెట్టే ఉంది కబీరా. వాళ్ల కాలు నా వీపు మీద ఉంది. అది కాలని నాకు తెలుసు. నీకు నెత్తి మీద ఉంది. నువ్వు దాన్ని టోపీ అనుకుంటున్నావు."

కబీరా లేచి నిలబడ్డాడు. ముఖం వండిన పీతలా ఎర్రబడింది. లిజీమన్‌ను తిడతాడనుకున్నారు అందరూ. అతను ఆఫీసు వైపు తిరిగి ఒకినావా భాషలో అరవడం మొదలుపెట్టాడు. అందులో సుగెనుమ దొర పేరు, చెరుకు చేను పేరు, తండ్రి పేరు వినబడ్డాయి. జాలర్లు తలలు దించుకున్నారు. ఒకడు మెల్లగా తనూ అందుకున్నాడు, ఇంకొకడు వాడి నోరు మూశాడు.

అప్పుడు మబ్బు లిజీమన్ మీది నుంచి లేచి, వాకిలి దాటి, కబీరా నెత్తిన నిలబడి కురిసింది. అలాంటి వాన జబోర్‌లో ముసలివాళ్లు కూడా ఎరగరు. తొట్టి నిండి వాకిట్లోకి పొర్లింది. లిజీమన్ ఎండలో పొడిగా కూర్చుని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, నీడ ఎక్కడుందా అని చూసింది. ఆమెకు ఎండ అలవాటు లేదు.

పండగ స్నానం ఘనంగా జరిగింది. ఉద్యోగులు మెడ దాకా మునిగి పాటలు పాడారు. సుగెనుమ దొర ఎర్రగా ఉడికి బయటికొచ్చి పైకి చూశాడు.

"అదెవరిది?"

"నాదే దొరా."

"ఊరివాళ్లది కదా?"

"వచ్చేసింది. పొమ్మంటే పోవడం లేదు."

దొర తువ్వాలుతో చెవి తుడుచుకుంటూ ఆలోచించాడు. న్యాయం తెలిసిన మనిషి. "ఊరివాళ్ల నేల మనవాళ్లు పుచ్చుకోకూడదని చట్టం. నేలంటే దాని మీది చెట్లు, చెట్ల మీది ఆకాశం కూడాను. తిరిగిచ్చెయ్యి."

కబీరా లిజీమన్ ఇంటికి వెళ్లి, ఆమె పక్కన గంటల తరబడి నిలబడి చూశాడు. మబ్బు అతని నెత్తినే ఉండిపోయింది. మర్నాడు దొర స్నానాల ఇంటి తాళాలు తీసుకుని, పెద్ద దీవుల నుంచి కొత్తగా వచ్చిన మంగలికి ఇచ్చేశాడు. కబీరానూ అతని పెళ్లాన్నీ ఫాస్ఫేటు దీవి ఓడ ఎక్కించమన్నాడు. ఓడ కెప్టెను పైకి చూసి, నా గిడ్డంగి నిండా ఎండు కొబ్బరి ఉంది, ఈ మనిషిని ఎక్కించుకోను, కోపిష్టివాడని ఊరంతా చెబుతోంది అన్నాడు. పెళ్లాన్ని ఎక్కించుకుంటానన్నాడు. ఆమె వెళ్లలేదు. మూట నేలకేసి కొట్టి దాని మీదే కూర్చుంది.

ఇక్కడ ఊరి పెద్దలు కలగజేసుకున్నారు. ఆ మబ్బు తల్లి వంశం దాటి ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు కబీరా మీద ఉంది. కాబట్టి కబీరా ఆ వంశం వాడే, లిజీమన్‌కు తమ్ముడు. ఈ వాదంలో ఎవరికీ తప్పు దొరకలేదు. లిజీమన్‌కు ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా తన మబ్బుకు తనే ఎదురు చెప్పలేకపోయింది. ఆచారం ప్రకారం అక్క ముందు తమ్ముడు, తమ్ముడి ముందు అక్క మాట తూలకూడదు. ఆ నిమిషం నుంచి ఇద్దరి నోళ్లూ మూతపడ్డాయి.

రేవులో తడిసిన మూట పక్కన నిలబడ్డ కబీరా దగ్గరికి నెయ్‌బో చంకలో బిడ్డతో వచ్చింది. "మామయ్యా, అమ్మ అన్నానికి రమ్మంది. అత్తయ్యను కూడా తీసుకురమ్మంది."

"మీ అమ్మకు నన్ను తిట్టాలని లేదా?"

"చాలా ఉంది. కుదరదుగా. నన్ను తిడుతోంది."

అలా కబీరా అక్క నేల మీద, మొగలాకు కప్పు కింద కాపురం పెట్టాడు. ఊరివాళ్లతో పాటు డొప్పలు కొట్టాడు. ఆఫీసువాళ్లు అతన్ని ఊరివాళ్ల వరసలోకి దించారు. మంగలి తొట్టి మళ్లీ ఎండిపోయేసరికి సుగెనుమ దొరే రోజూ పొద్దున్న కంచె దగ్గరికొచ్చి కబీరాను పోల్చి పోల్చి తిట్టడం మొదలుపెట్టాడు. చేను పోగొట్టుకున్నావన్నాడు, కూలి తగ్గిందన్నాడు, ఊరివాడివైపోయావన్నాడు. కబీరా కాల్చిన సీమపనస నములుతూ, ఒకినావా భాషలో, అవును అనేవాడు. ఒక్క చినుకు పడలేదు. అతనికి కోపం రావడం మానేసింది. దొరకు బాగా వచ్చేది, కాని ఆయన నెత్తిన ఏమీ లేదు.

మబ్బు కురవడం లేదు గనక లిజీమన్ వాకిట్లో ఎండు కొబ్బరి మొట్టమొదటిసారి సరిగ్గా ఎండింది. ఆ యేడు తూకంలో ఊరి మొత్తానికి మొదటి రకం ఆమెదే. వేసవిలో స్నానాల ఇల్లు మూసేసి, రేకులు ఊడదీసి వేలం వేశారు. పాడుకున్నది లిజీమన్.