‘నేను’ కనిపించి ఎనభై రోజులు

మా ఇంట్లో మెట్ల కింది అరలో, పాత సూట్‌కేసుల పక్కన, ఒక నల్లటి కంప్యూటర్ ఉంది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. కోడలు దాన్ని సర్వర్ అనేది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి లేచి, ఇంట్లో ఉన్న కంప్యూటర్లని ఒక్కొక్కటిగా పలకరించి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూసి, మారినవాటికి తన దగ్గర కాపీ దాచుకుంటుంది. అంతే దాని పని. మావాడు దానికి ‘చాదస్తం’ అని పేరు పెట్టాడు.

“గ్యాసు కట్టేశామా, గడియ పెట్టామా అని మూడేసిసార్లు చూస్తుంది కదా మా అమ్మ, ఆవిడకి తోడబుట్టింది ఇది” అన్నాడు.

“ఉండనివ్వండి. ఈ ఇంట్లో ఇద్దరైనా జాగ్రత్తగా ఉన్నారు” అంది కోడలు.

దాన్ని తయారుచేసింది తనే. ఇళ్ళ ప్లాన్లు గీయడం తన పని. ఒకసారి ల్యాప్‌టాప్‌లో డిస్కు చెడిపోయి మూడు నెలల పని తుడిచిపెట్టుకుపోయింది. ఆ పూట కంచం ముందు కూర్చుని ఏడవలేదు. మర్నాడు ఆఫీసులో మూలపడేసిన కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చుకుంది. భోజనాల బల్ల మీద విప్పదీసి, రంగులేసే కుంచెతో ఫ్యానులో దుమ్ము దులిపింది. నేను టార్చి పట్టుకున్నాను. కొత్తగా కొన్నవి రెండు డిస్కులే, అవీ వేర్వేరు దుకాణాల్లో. ఎందుకమ్మా ఇంత తిరుగుడు అంటే, “ఒకే పెట్టెలో వచ్చినవి ఒకేసారి పోతాయండీ” అంది.

మూడు కంప్యూటర్లకీ పేర్లు పెట్టమని అది అడిగితే, ఆలోచించకుండా టకటకా కొట్టేసింది: నేను, ఆయన, అత్తయ్య. ‘నేను’ అంటే తన ల్యాప్‌టాప్. ఆ పట్టిక నా కంప్యూటర్లోంచి కూడా చూడొచ్చు. ప్రతి పేరుకీ ఎదురుగా, అది చివరిసారి ఎప్పుడు కనిపించిందో ఉంటుంది.

తను వెళ్ళిపోయాక నేను ఆ పట్టిక చూడడం మొదలుపెట్టాను.

పోట్లాడుకుని వెళ్ళలేదు. పోట్లాటే అయితే ఏదో ఒకటి చెప్పి సర్దేదాన్ని. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటూ ఉండగానే వాళ్ళ మధ్య మాటలు అయిపోయాయి. తను వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది. విడాకుల కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి. చేతిలో రెండు సంచులు, భుజాన ల్యాప్‌టాప్. గుమ్మంలో నేను “జాగ్రత్త” అన్నాను. తను “మీరూ” అంది. అనవలసింది ఇంకేదో గుర్తొస్తుందేమోనని, కారు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడ్డాను.

ఒంటిగంటకి చాదస్తం లేస్తుంది. ఆయన: ఈ రోజు. అత్తయ్య: ఈ రోజు. నేను: కనిపించి పన్నెండు రోజులు. నేను: కనిపించి నలభై ఒక్క రోజులు. అది రోజూ పిలుస్తుంది, ఆ ల్యాప్‌టాప్ పలకదు, మర్నాడు మళ్ళీ పిలుస్తుంది. మనుషులమైతే మొహమాటపడి మానేస్తాం.

ఎనభయ్యో రోజున ఆ వరుస ఎర్రబడింది. కింద ఇంకో ముక్క చేరింది. తొంభై రోజులు దాటితే ఈ కంప్యూటర్ కాపీలన్నీ తీసివేయబడతాయట.

మావాడిని అడిగాను.

“డిస్కు నిండిపోకుండా తనే పెట్టిందమ్మా ఆ గడువు. పోనీ.”

“పోనీ ఏంట్రా? ఆ పిల్ల కష్టమంతా అందులో ఉంది.”

“కావాలంటే తనే అడుగుతుంది కదా” అని లేచి వెళ్ళిపోయాడు. ఆ పట్టిక వంక కన్నెత్తి కూడా చూడలేదు.

ఫోను చేయడానికి నాకు వారం పట్టింది. ఎత్తి ‘ఎవరండీ’ అంటే ఏం చెప్పాలి? ఇప్పుడు నేను తనకి ఏమవుతాను? ఎనభై ఏడో రోజు పొద్దున్న, ఇక ఆగలేక చేశాను.

“అత్తయ్యా!” అంది. వెంటనే అనేసింది.

ఇంక మూడు రోజులే ఉన్నాయని గబగబా చెప్పేశాను. తను నవ్వింది.

“నావన్నీ వచ్చేటప్పుడే తెచ్చేసుకున్నానండీ. పోనివ్వండి.”

“పోనివ్వమంటావా?”

“గడువు దగ్గర సున్నా పెడితే ఎప్పటికీ తీసేయదు. ఎక్కడ పెట్టాలో కావాలంటే చెప్తాను. కానీ ఇంకో ఏడాదికి డిస్కు నిండిపోయి మీవి పట్టవు.”

అవతల కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు. తర్వాత కట్టేసిన చప్పుడు.

“మీవి ఎంతున్నాయి ఇప్పుడు?” అంది.

నేను రాసుకున్నవి, మా అక్కల ఫొటోలు. వాటికన్నా ఎక్కువ, తను ప్లాన్లు గీస్తుంటే పక్కన కూర్చుని నేను చదివిన కథలు. అన్నీ తనే రికార్డు చేసి పెట్టింది. తెర మీద అంకె చదివి చెప్పాను.

“అవన్నీ ఒక్క ఇంట్లోనే ఉండకూడదండీ. రెండు డిస్కులున్నా ఇల్లు ఒకటే కదా. నిప్పంటుకున్నా, నీళ్ళొచ్చినా రెండూ పోతాయి. ఒక కాపీ వేరే ఇంట్లో ఉండాలి. మనకి అప్పుడు ఇంకో ఇల్లు లేదు.” ఆగింది. “ఇప్పుడుంది.”

అదెలా అన్నాను. తన దగ్గర కూడా ఇలాంటిదే ఒక చిన్నది తయారుచేసుకుందట.

“ఎడమవైపు మూడోది నొక్కండి. ఏమొచ్చింది?”

“ఖాళీ గడి.”

“అందులో నేను చెప్పే అంకెలు కొట్టండి. తర్వాత చుక్క.”

“ఏ చుక్క?”

“ఫుల్‌స్టాపు అత్తయ్యా!”

“అలా చెప్పు మరి. చుక్కంటే ఆకాశంలో వెతకనా?”

నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు తప్పు కొట్టాను, ఒకసారి కావాలనే. మొదటి కాపీ పూర్తిగా చేరడానికి పదకొండు రోజులు పడుతుందని, ఆ తర్వాత రోజూ మారినవి మాత్రమే వస్తాయని చెప్పింది. సున్నా సంగతి తనూ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తొంభై ఒకటో రోజు ఒంటిగంటకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పట్టిక ఒకసారి మాయమై మళ్ళీ వచ్చింది. రెండే పేర్లు. పైనున్నది పోయి కింది రెండూ పైకి జరిగాయి. కొత్తవాళ్ళెవరైనా చూస్తే, ఈ ఇంట్లో మొదటినుంచీ ఇద్దరే అనుకుంటారు.

సాయంత్రం మావాడు వచ్చి చిరాకుపడ్డాడు. “నాలుగు రోజులుగా ఈ నెట్ ఇంత నీరసంగా ఉందేంటమ్మా?”

“నా సామాను వెళ్తోందిరా.”

“ఎక్కడికి?”

చెప్పాను. వాడు నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఇంకా వెళ్ళవలసిన ఫైళ్ళు రెండువేల ఎనిమిదివందల పద్నాలుగని ఉంది. పదమూడు అయింది. చాలాసేపటికి పన్నెండు అయింది. వాడు కదల్లేదు.

“తను బాగుందా?” అన్నాడు.

నలభై నిమిషాలు మాట్లాడి, నేను ఆ ఒక్క మాట అడగలేదు.